ఇంట్లో గ్రానోలా బార్లు: రాలిపోకుండా, చేతికి అంటుకోకుండా రావాలంటే

మీరు రాసింది మొత్తం చదివానండి. ఓట్స్, బాదం, తేనె కలిపి గ్రానోలా బార్లు (చిక్కీలా ముక్కలు కోసుకునే ఓట్స్ బార్లు) రెండుసార్లు చేశారు, మొదటిసారి కత్తి పెట్టగానే పొడి పొడిగా రాలిపోయింది, రెండోసారి తేనె పెంచితే సాయంత్రానికల్లా చేతికి అంటుకునే ముద్ద అయిపోయింది, ఇంట్లో ఓవెన్ లేదు, ఉన్నది గ్యాస్ స్టవ్వే. పిల్లలిద్దరికీ స్కూల్ స్నాక్ బాక్సులోకి, మీవారికి జిమ్ నుంచి వచ్చాక తినడానికి షాపు బార్లు మానేసి ఇంట్లోవే చేద్దామనుకుంటున్నారు. మంచి ఆలోచన, అస్సలు వదిలేయకండి. నేను వైజాగ్ లో ఇంటి దగ్గరే ఇవి చేసి తెలిసినవాళ్ళకి ఆర్డర్ల మీద ఇస్తుంటాను, మా పిల్లలు కూడా ఇవే తింటూ పెరిగారు, కాబట్టి తెలిసింది మొత్తం రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు విషయం. మీకొచ్చిన రెండు ఇబ్బందులకీ మూలం ఒక్కటే, పాకం పట్టకపోవడం. తేనె చూడ్డానికి చిక్కగా ఉంటుంది గానీ అందులో దాదాపు 17, 18 శాతం నీళ్ళే ఉంటాయి. దాన్ని గోరువెచ్చగా చేసి ఓట్స్ లో కలిపేస్తే ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు, కొంత ఓట్స్ పీల్చుకుని మెత్తబడతాయి, మిగతాది అలాగే జిగురుగా ఉండిపోద్ది. తక్కువ వేస్తే పట్టు చాలదు, రాలిపోద్ది. ఎక్కువ వేస్తే తీపితో పాటు నీళ్ళు కూడా ఎక్కువ వేసినట్టే, అందుకే అంటుకుంది. ఇంటర్నెట్ లో కనిపించే సగం వీడియోల్లో తేనె వేడి చేసి కలిపి ఫ్రిజ్ లో పెట్టేయమంటారు, ఫ్రిజ్ లో ఉన్నంతసేపు గట్టిగానే ఉంటుంది, బయటికి తీసి పావుగంట అయితే వంగిపోద్ది, మరి మన ఎండల్లో స్కూల్ బ్యాగ్ లో పదింటి దాకా ఎలా ఉంటుంది చెప్పండి.

పల్లీ చిక్కీ, నువ్వుండలు, బొరుగుండలు చేయడం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే కదా, గ్రానోలా బార్ లో కూడా పని అదే. బెల్లాన్ని మరిగించి నీరు పోగొడితే అది చల్లారాక గట్టిపడుతుంది, ఎంత నీరు పోగొడితే అంత గట్టి. ఉండ పాకం అంటే చల్లటి నీళ్ళల్లో చుక్క వేస్తే వేళ్ళతో ఉండ చేయడానికి వచ్చేది, థర్మామీటర్ తో చూస్తే 115 నుంచి 120 డిగ్రీల మధ్య, ఇది కొంచెం సాగుతూ నమలడానికి బాగుండే బార్ కి. చిక్కీకి పట్టే ముదురు పాకం అంటే నీళ్ళల్లో వేసిన చుక్క టక్కుమని విరిగేది, దగ్గర దగ్గర 145 నుంచి 150 డిగ్రీలు, ఇది కరకరలాడే బార్ కి. బెల్లం ఆ వేడికి వెళ్ళాక మాడటానికి ఎంతోసేపు పట్టదు, కాబట్టి మొదట్లో ఉండ పాకమే పట్టండి, చేయి తిరిగాక ముదురు పాకం జోలికి వెళ్ళొచ్చు. పిల్లల పళ్ళకి కూడా మరీ గట్టిది మంచిది కాదు.

ఇక కొలతలు. కప్పులతో కాదు, వంటింటి త్రాసుతో తూచండి, ఎందుకంటే ఓట్స్ కప్పులో వదులుగా పోస్తే ఒక లెక్క, నొక్కి పోస్తే ఇంకో లెక్క. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి నేను తీసుకునేది ఇది: రోల్డ్ ఓట్స్ 200 గ్రాములు, పల్లీలు వేయించి పొట్టు తీసి బద్దలు చేసినవి 80, బాదం 40 చిన్న ముక్కలుగా తరిగి, గుమ్మడి గింజలు 30, నువ్వులు 20, కిస్మిస్ లేదా సన్నగా తరిగిన ఖర్జూరం 50. పాకానికి బెల్లం 120, తేనె 60 (మూడు పెద్ద చెంచాలు), పీనట్ బటర్ 60, నెయ్యి 20, పావు చెంచా ఉప్పు, నాలుగు యాలకులు దంచి. ఉప్పు మాత్రం మానకండి, అది లేకపోతే బార్ తీపిగా ఉంటుంది తప్ప రుచిగా ఉండదు. ఇందులో పొడి సరుకు 420 గ్రాములు, పట్టి ఉంచేది 260 గ్రాములు, మీరు లోపల పప్పులూ గింజలూ ఏం మార్చుకున్నా ఈ లెక్క మాత్రం అటూ ఇటూ చేయొద్దు. పొడి సరుకు 500 చేసి పాకం అంతే ఉంచితే మళ్ళీ మొదటిసారి జరిగిందే జరుగుద్ది.

ఓట్స్ విషయంలో ఒక మాట, ప్యాకెట్ మీద రోల్డ్ ఓట్స్ అని చూసి కొనండి. ఇన్‌స్టంట్ ఓట్స్ మరీ పల్చగా ఉండి పాకం తగలగానే మెత్తబడిపోతాయి, స్టీల్ కట్ ఓట్స్ ఐతే ఎంత వేయించినా నూకల్లా గట్టిగానే పంటికి తగులుతాయి, బార్ కి పనికి రావు. ఓట్స్ తప్పనిసరి కూడా కాదు. జొన్న అటుకులు, రాగి అటుకులు ఇప్పుడు సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి, పల్చటి వరి అటుకులు వేయించి వేసినా బాగుంటుంది, జొన్న పేలాలు, తోటకూర గింజల పేలాలు (రాజ్‌గిరా అని అమ్ముతారు) వేస్తే బార్ తేలిగ్గా కరకరలాడుతూ వస్తుంది. నాకు బాగా నచ్చేది సగం ఓట్స్ సగం జొన్న అటుకులు, ఆ కమ్మదనం వేరు. కాకపోతే పేలాలు, బొరుగులు బరువు తక్కువ, ట్రేలో చోటు ఎక్కువ పడతాయి, 200 గ్రాముల ఓట్స్ బదులు 200 గ్రాముల బొరుగులు వేస్తే కుప్ప అయిపోద్ది, పాకం అన్నిటికీ చాలదు, బొరుగులైతే 80 గ్రాములు దాటొద్దు.

ఇప్పుడు వేయించడం. చాలామంది ఇక్కడ తొందరపడిపోతారు. ఓవెన్ లేకపోయినా ఏం పర్లేదు, అడుగు మందంగా ఉన్న మూకుడు చాలు. సన్నటి మంట మీద ఓట్స్ ఒక్కటే వేసి కలుపుతూ 8 నుంచి 10 నిమిషాలు వేయించండి. రంగు చూసి ఆపొద్దు, రంగు పెద్దగా మారదు, అంచులు కాస్త బంగారు రంగుకి తిరుగుతాయి అంతే. ఒక ఓట్ పలుకు తీసి చల్లారనిచ్చి రెండు గోళ్ళ మధ్య పెట్టి వంచి చూడండి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు, పుటుక్కుమని విరిగితే అయిపోయినట్టు. వేడి మీద వంచితే తెలీదు, చల్లారాకే తెలుస్తుంది. పల్లీలు విడిగా, బాదం విడిగా, గింజలు విడిగా, నువ్వులు ఆఖర్న విడిగా వేయించాలి, అన్నీ కలిపి పోసేస్తే నువ్వులు మాడేసరికి పల్లీలు పచ్చిగానే ఉంటాయి. నువ్వులు చిటపటమనగానే పళ్ళెంలోకి తీసేయండి, మూకుట్లో వదిలితే ఆ వేడికే ఇంకా వేగిపోయి చేదొస్తాయి. పల్లీలు వేయించే ముందు కూర్చుని ఏరండి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు కనిపించినవి తీసి పారేయండి, పల్లీలకి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయిస్తే అది పూర్తిగా పోదు. పిల్లలు రోజూ తినేదానికి ఈ ఒక్క పనీ బద్ధకించొద్దని నేను అందరికీ చెప్తాను.

వేయించిన ఓట్స్ లో పావు వంతు, అంటే ఒక 50 గ్రాములు మిక్సీలో రెండు తిప్పులు తిప్పి బరకగా చేసి మళ్ళీ కలిపేయండి. ఇది చిన్న పనే గానీ బార్ నిలబడ్డానికి చాలా సాయం చేస్తుంది, కాంక్రీటులో కంకర సందుల్లో ఇసుక కూరుకున్నట్టు ఈ బరక పిండి పెద్ద పలుకుల మధ్య ఖాళీల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. అలాగే బాదం, జీడిపప్పు నిండు పలుకులు వేయొద్దు, చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ కోసేటప్పుడు కత్తి ఆ పలుకు మీద పడగానే అది పక్కకి జరుగుతుంది, అక్కడే బార్ విరుగుద్ది. సెనగబద్దంత ముక్కలు చాలు.

పాకం మొదలుపెట్టే ముందే ట్రేలో బటర్ పేపర్ పరిచి, రెండు వైపులా పైకి వేలాడేలా వదిలి, నెయ్యి రాసి పక్కన పెట్టుకోండి, పెద్ద గిన్నెలో పొడి సరుకంతా గోరువెచ్చగా రెడీగా ఉండాలి, చల్లారిపోయి ఉంటే పాకం తగలగానే బిగుసుకుపోయి కలవదు. ట్రే లేకపోతే స్టీల్ పళ్ళెం, కేకు గిన్నె, చపాతీ డబ్బా మూత ఏదైనా సరే, అంచు ఉండి అడుగు చదునుగా ఉంటే చాలు. బెల్లం తరిగి రెండు పెద్ద చెంచాల నీళ్ళు పోసి కరిగించి ఒకసారి వడకట్టండి, ఎంత మంచి బెల్లంలోనైనా నలకలు, ఇసుక ఉంటాయి. వడకట్టింది మళ్ళీ మందపాటి గిన్నెలో పోసి మధ్యస్థం మంట మీద మరిగించండి. మొదట పెద్ద పెద్ద బుడగలు వచ్చి పొంగుతుంది, తర్వాత బుడగలు చిన్నవై పాకం నిగనిగలాడుతూ చిక్కబడుతుంది, అప్పట్నుంచి పక్కన కదలకుండా నిల్చోండి, ఫోన్ మోగినా తీయొద్దు. గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని అర నిమిషానికోసారి చుక్క వేసి చూడండి. నీళ్ళల్లో పరుచుకుపోతే ఇంకా అవ్వలేదు. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ అవుతూ, ఆ ఉండని పళ్ళెం మీద వేస్తే చదునైపోకుండా నిలబడితే అయిపోయింది. అప్పుడు తేనె పోసి ఇంకో అర నిమిషం మరగనిచ్చి మళ్ళీ ఒక చుక్క చూడండి, తేనెలో నీరు ఉంది కదా, పాకం కొంచెం వెనక్కి వెళ్తుంది, ఉండ మళ్ళీ నిలబడే దాకా ఉంచండి. స్టవ్ ఆపి నెయ్యి, పీనట్ బటర్, ఉప్పు, యాలకుల పొడి వేసి గబగబా కలిపి పొడి సరుకు మీద పోసేయండి.

తేనె ఎందుకు, మొత్తం బెల్లమే వేయొచ్చు కదా అని అడుగుతారు కొందరు. వేయొచ్చు. తేనె కొంచెం ఉంటే పాకం పలుకు కట్టదు, రెండ్రోజులయ్యాక బార్ పైన తెల్లగా చక్కెర పేరుకుని ఇసకలా తగలదు, నమలడానికి మెత్తగా ఉంటుంది. తేనె మరిగిస్తే దాని వాసన కొంత పోతుంది నిజమే, ఇక్కడ మనకి అది వాసన కోసం కాదు, పాకం పని కోసం. బెల్లం కొనేటప్పుడు మరీ పసుపుగా మెరిసేది వద్దు, ఆ రంగు రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. అనకాపల్లి మార్కెట్ మాకు పక్కనే కాబట్టి నేను అక్కడ ముదురు గోధుమ రంగులో ఉన్న అచ్చులు చూసి తెచ్చుకుంటాను. మీకు దగ్గర్లో ఏది దొరికితే అది తీసుకోండి, నాలుక మీద పెడితే ఉప్పగా తగిలేది, పట్టుకుంటే తడిగా ఉన్నది మాత్రం వద్దు, తడి బెల్లానికి పాకం పట్టడానికి చాలాసేపు పడుతుంది, ఆ బార్లు వానాకాలంలో తొందరగా చెమరుస్తాయి కూడా.

కలపడానికి ఒక నిమిషం, నిమిషంన్నర టైమ్ ఉంటుంది అంతే, అడుగు నుంచి పైకి తిప్పుతూ ప్రతి పలుక్కీ పాకం అంటేలా కలపండి, ఇప్పుడు కిస్మిస్ వేయండి. వెంటనే ట్రేలో పోసి నొక్కండి. నొక్కడం అంటే గరిటెతో పైపైన సర్దడం కాదు. అడుగు చదునుగా ఉన్న స్టీల్ గిన్నెకి నెయ్యి రాసి, శరీరం బరువంతా దాని మీద వేసి, ముందు నాలుగు మూలలు, తర్వాత అంచులు, తర్వాత మధ్యలో నొక్కండి. అయ్యాక పైన ఇంకో బటర్ పేపర్ పెట్టి దాని మీద మళ్ళీ ఒకసారి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళల్లో పాకం సరిగ్గా పట్టినా బార్ రాలిపోయింది అని చెప్పినవాళ్ళు ఎక్కువమంది సరిగ్గా నొక్కనివాళ్ళే. మీ చెయ్యి నొప్పి పుట్టాలి, అంతే లెక్క.

పావుగంట అయ్యాక ఇంకా వెచ్చగా ఉండగానే కత్తితో గీతలు పెట్టేయండి, అడుగు దాకా దిగాలి. తర్వాత కదపకుండా పూర్తిగా చల్లారనివ్వండి, రెండు గంటలు. అప్పుడు బటర్ పేపర్ పట్టుకుని మొత్తం బయటికి లేపి, పెద్ద కత్తి పెట్టి పై నుంచి ఒక్కసారి కిందికి నొక్కండి, రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే అంచులు రాలతాయి. ఓవెన్ ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ట్రేలో నొక్కాక 150 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు బేక్ చేస్తే ఇంకొంచెం కరకరలాడతాయి, ఓటీజీలో ఐతే మధ్య అరలో, ముందే పది నిమిషాలు వేడి చేసి పెట్టుకుని. లేకపోతే ఏమీ తక్కువ కాదు.

ఈ కొలతకి మొత్తం దాదాపు 680 గ్రాములు వస్తుంది, 20 ముక్కలు కోస్తే ఒక్కోటి 34 గ్రాములు. నేను పిల్లలకి ఈ సైజే చెప్తాను, షాపులో ఉన్నంత పెద్దది కోయాల్సిన పనిలేదు. ఒక ముక్కలో సుమారు 150 క్యాలరీలు, ప్రొటీన్ 4 గ్రాములు, బెల్లం తేనెల నుంచి వచ్చే చక్కెర ఏడెనిమిది గ్రాములు, కిస్మిస్ లోది వేరే. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ఇంట్లో చేసింది కదా అని పిల్లలకి రోజుకి మూడు నాలుగు ఇచ్చేవాళ్ళని చూశాను, బెల్లమే కదా మంచిదే అంటారు. బెల్లంలో 100 గ్రాములకి 80 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, తేనెలోనూ అంతే. 2015 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందేంటంటే, విడిగా కలిపే చక్కెరలు, తేనెలో ఉండేవి కూడా కలుపుకుని, రోజు మొత్తం తిండిలో వచ్చే శక్తిలో 10 శాతం దాటొద్దు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. పెద్దవాళ్ళకి ఆ 5 శాతం అంటే దాదాపు 25 గ్రాములు, పిల్లలకి ఇంకా తక్కువ. పాలల్లో వేసేది, బిస్కెట్లలో వచ్చేది కూడా అందులోనే లెక్క. కాబట్టి పిల్లలకి రోజుకి ఒక్క ముక్క, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే బెల్లం బార్ కదా అని వాళ్ళ చేతిలో పెట్టొద్దు.

షాపు బార్లు అన్నీ చెడ్డవని నేను చెప్పను, కొన్ని బాగానే చేస్తున్నారు. వెనక లేబుల్ చదవడం వస్తే చాలు. ప్యాకెట్ మీద పదార్థాలు ఏది ఎక్కువ బరువుంటే అది ముందు వచ్చేలా రాయాలి, అది రూల్. ఐతే ఒకే చక్కెరని గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, తేనె అని నాలుగు పేర్లకి పంచితే ఓట్స్ మొదటి పేరుగా పైకొస్తుంది, ఆ నాలుగూ కలిపితే ఎంతో మనకి కనపడదు, అందుకే కింద పట్టికలో మొత్తం చక్కెర ఎంతో చూడండి, అది కూడా ఒక బార్ కా 100 గ్రాములకా అన్నది చూసి పోల్చండి. చక్కెర కలపలేదు అని రాసిన వాటిలో కొన్ని ఖర్జూరం ముద్దతో చేసినవి, కొన్ని చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వేసినవి, ఈ రెండో రకం ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు అవుతాయి, పిల్లలకి ఇంకా తొందరగా. షాపు బార్ నెలల తరబడి మెత్తగా ఉండడానికి గ్లిసరాల్ వేస్తారు, లేబుల్ మీద ఐఎన్ఎస్ 422 అని ఉంటుంది, అది వేయొచ్చని అనుమతి ఉన్నదే, భయపడక్కర్లేదు, కానీ మన ఇంటి బార్ అన్నాళ్ళు అలా ఉండదు, ఉండాలని చూడొద్దు కూడా.

ఖర్చు మీరే లెక్క వేసుకోండి, ఊరిని బట్టి, కొట్టుని బట్టి మారుద్ది. నాకు ఈ ట్రే మొత్తానికి సరుకులు రెండొందల నుంచి రెండొందల యాభై మధ్య పడతాయి, అంటే ముక్క 10 నుంచి 13 రూపాయలు. ఖరీదంతా బాదం, గుమ్మడి గింజల దగ్గరే, అవి తీసేసి పల్లీలు, పుట్నాల పప్పు పెంచితే ఇంకా తగ్గుద్ది, రుచేమీ తగ్గదు.

మీవారి జిమ్ సంగతి మాత్రం సూటిగా చెప్తాను. 20 గ్రాముల ప్రొటీన్ ఉండే బార్ల బదులు ఇది అనుకుంటే కుదరదు. మన ముక్కలో ఉన్నది 4 గ్రాములు, ఒక కోడిగుడ్డులో 6 ఉంటుంది. ఓట్స్ కొంత తగ్గించి 60 గ్రాముల వే ప్రొటీన్ పొడి కలిపినా ముక్కకి రెండు గ్రాముల పైచిలుకు పెరుగుతుంది, అంతకంటే ఎక్కువ పొడి వేస్తే బార్ గట్టిబడి సుద్దలా నోట్లో ఆడదు. ఆయనకి వ్యాయామానికి ముందు ఒక ముక్క తినడానికి ఇది చక్కగా పనికొస్తుంది, వచ్చాక రెండు గుడ్లో, ఉడకబెట్టిన సెనగలో, గిన్నెడు పెరుగో ఇవ్వండి, డబ్బూ కలిసొస్తుంది.

ఖర్జూరం బార్ కూడా చాలామంది అడుగుతారు. పాకం భయం ఉన్నవాళ్ళకి అది తేలిక. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 250 గ్రాములు, నానబెట్టకుండా, పది నిమిషాలు ఆవిరి మీద పెట్టి మిక్సీలో ముద్ద చేసి, చెంచా నెయ్యిలో రెండు నిమిషాలు కలిపితే పైన తేమ పోతుంది, అందులో వేయించిన ఓట్స్ 150, గింజలు 100 వేసి నొక్కేయడమే. నీళ్ళల్లో నానబెడితే మాత్రం ముద్ద పల్చబడి ఎప్పటికీ బిగియదు. ఇవి మెత్తగానే ఉంటాయి, కరకరలాడవు, ఫ్రిజ్ లో పెట్టుకుని వారంలో తినేయాలి. ఇందులోనూ తీపి తక్కువేం కాదు, పీచు ఉంటుంది అన్నది ఒక్కటే లాభం. అసలు తీపే లేకుండా బార్ కావాలంటే గుడ్డు తెల్లసొనతో ఓవెన్ లో చేయాలి, స్టవ్ మీద రాదు. స్టీవియా చుక్కలు తీపి ఇస్తాయి గానీ పాకంలా పట్టి ఉంచవు.

నిల్వ గురించి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, గోరువెచ్చగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి అన్నీ మెత్తబడిపోతాయి. ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ పేపర్, మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బా. హైదరాబాద్ లాంటి పొడి వాతావరణంలో రెండు వారాలు సులువుగా ఉంటాయి, మాలాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో, అందులో వానలప్పుడు, బెల్లం గాలిలో తేమని లాక్కుంటుంది, పది రోజులకే అంటుకోడం మొదలవుద్ది. అప్పుడు ఫ్రిజ్ లో పెట్టండి, మూడు వారాలు ఉంటాయి, కాకపోతే తీసిన డబ్బా మూత వెంటనే తెరవకుండా కాసేపు బయట ఉంచి తెరిస్తే బార్ మీద చెమట పట్టదు. ఫ్రీజర్ లో రెండు నెలలు. అవిసె గింజల పొడి కలిపే అలవాటుంటే ఈ బార్లలో వద్దనే చెప్తాను, పొడి చేశాక అవిసె తొందరగా పాత నూనె వాసన వస్తుంది, డబ్బా మొత్తానికి ఆ వాసన పడుతుంది, వేయాలనుకుంటే గింజలుగానే వేయించి వేయండి.

చెడిపోయిన ట్రేని పారేయొద్దు. పొడి పొడిగా రాలితే అదే గ్రానోలా, డబ్బాలో పోసుకుని పాలల్లోనో పెరుగులోనో వేసుకుని అరటిపండు ముక్కలతో తినండి, లేదా 50 గ్రాముల బెల్లం మళ్ళీ పాకం పట్టి వెచ్చచేసిన పొడిలో కలిపి మళ్ళీ నొక్కండి. అంటుకునేలా వస్తే మూకుట్లో సన్నటి మంట మీద మొత్తం వేసి ఐదారు నిమిషాలు కలుపుతూ తేమ పోగొట్టి మళ్ళీ ట్రేలో నొక్కండి. మరీ గట్టిగా వస్తే ట్రేని వేడి పెనం మీద ఒక నిమిషం పెట్టి తీసి అప్పుడు కోయండి.

పిల్లల వయసు మీరు రాయలేదు. ఏడాది లోపు పాపాయి ఇంట్లో ఉంటే తేనె ఉన్నదేదీ రుచికి కూడా పెట్టొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలకి పప్పులు పలుకులుగా ఉన్న బార్ ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి, వాళ్ళ కోసం పల్లీలు, బాదం పొడి చేసి మెత్తగా చేయండి. స్కూల్ లో పల్లీల అలర్జీ ఉన్న పిల్లలుంటే టీచర్ ని ఒకసారి అడగండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా చదువుతుంటే అక్కడ చాలా స్కూళ్ళల్లో పల్లీలు, బాదం, జీడిపప్పు లాంటివి తేనివ్వరు కదా, వాటి బదులు పొద్దుతిరుగుడు గింజలు, గుమ్మడి గింజలు, పీనట్ బటర్ బదులు పొద్దుతిరుగుడు గింజల బటర్ అదే బరువుకి వేసుకుంటే సరిపోద్ది. నువ్వుల అలర్జీ కూడా ఉంటుంది, అడిగాకే వేయండి.

ఒకటి మర్చిపోయా, చాక్లెట్. పిల్లలు అడుగుతారు. వేడి మిశ్రమంలో చాక్లెట్ చిప్స్ వేస్తే కరిగి మొత్తం మట్టిరంగు అయిపోద్ది. బార్ పూర్తిగా చల్లారాక కరిగించిన డార్క్ చాక్లెట్ లో అడుగు మాత్రం ముంచి బటర్ పేపర్ మీద ఆరబెట్టండి, ఎండాకాలం మానేయండి.

మొదటిసారికి ఈ కొలతలో సగం తీసుకుని చిన్న పళ్ళెంలో చేయండి, పాకం చుక్క చూడ్డం అలవాటయ్యే దాకా అదే మంచిది. చేశాక ముక్క పక్క నుంచి ఫోటో తీసి పెట్టండి, ఏ బెల్లం వాడారో, నీళ్ళల్లో చుక్క ఎలా ఉన్నప్పుడు దించారో కూడా రాయండి, అది చూస్తే పాకం తగ్గిందా, నొక్కడం తగ్గిందా చెప్పేస్తాను.